ఓపీసీ, పీపీసీ, స్లాగ్, ఎల్‌సీ3: ఇంటికి ఏ సిమెంట్ తెప్పించాలి?

ఇల్లు మొదలుపెట్టగానే సిమెంట్ గురించి ముగ్గురు మూడు చెప్తారు. మేస్త్రీ ఏమో "స్లాబ్‌కి 53 గ్రేడే తెప్పించండి సార్, మిగతావి లేటుగా పట్టుకుంటాయి" అంటాడు. డీలర్ తన గోడౌన్‌లో ఏది ఎక్కువుంటే అదే మంచిదంటాడు. బావమరిది ఫోన్ చేసి "పీపీసీలో బూడిద కలుపుతారు బావా, మోసం" అంటాడు. వీటికి తోడు ఈమధ్య ఎల్‌సీ3 అని, జియోపాలిమర్ అని, గ్రీన్ సిమెంట్ అని కొత్త పేర్లు. ఓపీసీ అంటే ఏమీ కలపని మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్, పీపీసీ అంటే థర్మల్ స్టేషన్ బూడిద (ఫ్లై యాష్) కలిపినది, స్లాగ్ సిమెంట్ అంటే స్టీల్ ప్లాంట్ మడ్డి కలిపినది, ఎల్‌సీ3 అంటే కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపినది. ఇది సొంతిల్లు కట్టుకునేవాళ్ళ కోసం, చిన్న కాంట్రాక్టర్ల కోసం రాస్తున్నా, మెట్రో పిల్లర్లు కట్టేవాళ్ళకి వాళ్ళ కన్సల్టెంట్లు ఉంటారు.

నా మాట ముందే చెప్పేస్తా. బస్తా మీద గ్రేడ్ నంబర్ చూసి కొనడం దండగ. ఎన్ని రోజులు తడి ఆరకుండా చూసుకోగలరు, సెంట్రింగ్ ఎన్నో రోజున విప్పాలి, మీ నేలలో నీళ్ళలో ఉప్పు ఉందా, ఈ మూడిటికి జవాబు ఉంటే ఏ సిమెంటో దానంతటదే తేలిపోతుంది.

## ముందు ఏవి చూసుకోవాలి

క్యూరింగ్. ఇది అన్నిటికంటే పెద్దది. రోజూ సైట్‌లో మనిషి ఉండి మడి కట్టి నీళ్ళు నిలబెట్టగలరా, లేక వాచ్‌మన్ పొద్దున ఓసారి పైపు పట్టుకుని చూపించి వెళ్ళిపోతాడా? దీన్నిబట్టి సగం నిర్ణయం అయిపోతుంది.

తొందర. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింత అని లెక్క, అందుకే కాంట్రాక్టర్‌కి తొందర. మీకు నిజంగా తొందర ఉందా, లేక ఆయన తొందరని మీ తొందర అనుకుంటున్నారా అన్నది వేరే విషయం.

నేల, నీళ్ళు, గాలి. సముద్రం పక్కన, చేపల రొయ్యల చెరువుల మధ్య, చౌడు నేలలో కట్టే ఇల్లు వేరు, తెలంగాణ పీఠభూమి మీద రాతినేలలో కట్టే ఇల్లు వేరు.

కార్బన్, అంటే సిమెంట్ తయారీలో గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్. చాలామంది దీన్ని పట్టించుకోరు, పట్టించుకునేవాళ్ళకి కింద లెక్క ఇస్తున్నా.

దొరకడం. మీ ఊళ్ళో, మీకు కావాల్సిన వారంలో, తాజా బస్తా. ఎంత గొప్ప సిమెంటైనా డీలర్ దగ్గర లేకపోతే మాట్లాడుకోవడానికే పనికొస్తుంది.

ధరని కావాలనే లిస్ట్‌లో పెట్టలేదు. రకానికీ రకానికీ ఉండే తేడా కంటే బ్రాండ్‌కీ బ్రాండ్‌కీ, నెలకీ నెలకీ ఉండే తేడానే ఎక్కువ.

## బస్తా లోపల అసలేముంది

ఈ సెక్షన్ కొంచెం పొడుగు, కానీ ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

సున్నపురాయి, కాస్త బంకమట్టి, కాస్త ఇనుము ఉన్న మట్టి కలిపి పొడి చేసి కిల్న్‌లో 1450 డిగ్రీల దాకా కాలిస్తే గట్టి నల్లటి గుండ్లు వస్తాయి, అదే క్లింకర్. దానికి కొంచెం జిప్సం కలిపి మెత్తగా నూరితే సిమెంట్. తాడిపత్రి, ఎర్రగుంట్ల, మాచర్ల, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, తాండూరు చుట్టుపక్కల అన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయంటే కారణం అక్కడి సున్నపురాయే.

100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయి పొగగొట్టంలోంచి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. ఫ్యాక్టరీ మొత్తం సోలార్ పెట్టినా ఇది ఆగదు. టన్ను క్లింకర్‌కి సుమారు 0.8 నుంచి 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తే అందులో 60 శాతం దాకా ఈ రాయిదే, మిగతాది ఇంధనానిది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంట్ వాటా 7-8 శాతం అనేది ఇందుకే. కాబట్టి సిమెంట్‌ని గ్రీన్ చెయ్యాలంటే ఉన్న గట్టి దారి ఒకటే, బస్తాలో క్లింకర్ తగ్గించాలి. పీపీసీ, స్లాగ్, ఎల్‌సీ3 అన్నీ ఇదే పని వేరే వేరే సరుకుతో చేస్తాయి.

క్లింకర్‌లో నాలుగు ముఖ్యమైన ఖనిజాలుంటాయి. ఎలైట్ సగానికి పైనే ఉంటుంది, మొదటి నెల బలం దాదాపు దీనిదే. బీలైట్ నిదానంగా నెలలు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అల్యూమినేట్ తక్కువే ఉన్నా నీళ్ళు తగలగానే రెచ్చిపోతుంది, జిప్సం కలిపేది దీన్ని అదుపులో పెట్టడానికే, లేకపోతే మాలు తట్టలోనే బిగుసుకుపోతుంది. నాలుగోది ఫెర్రైట్, సిమెంట్‌కి ఆ బూడిద రంగు దానివల్లే.

నీళ్ళు కలిశాక ఎలైట్, బీలైట్ రెండూ కరిగి రెండు సరుకులు తయారుచేస్తాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్, సీ-ఎస్-హెచ్ అంటారు, ఇసుకనీ కంకరనీ పట్టి ఉంచే జిగురు ఇదే. రెండోది పోర్ట్‌లాండైట్, అంటే మనం గోడలకి కొట్టే తడిసున్నమే, పలకలు పలకలుగా పెరుగుతుంది. బలానికి దీనివల్ల పెద్ద లాభం లేదు, పైగా కంకర రాయి చుట్టూ సన్నటి పొరలో పోగవుతుంది, కాంక్రీట్‌లో ముందు పగులు పట్టేది కూడా ఆ పొరలోనే. కానీ ఇదే సున్నం కాంక్రీట్ లోపల పీహెచ్‌ని 12.5 పైన ఉంచుతుంది, అంత క్షారంలో రాడ్‌కి తుప్పు పట్టదు. సున్నం ఇటు దండగ సరుకు, అటు రాడ్‌కి కాపలా. ఫ్లై యాష్, స్లాగ్, కాల్చిన మట్టి ఇవన్నీ ఈ సున్నాన్ని వాడుకుని ఇంకొంచెం సీ-ఎస్-హెచ్ తయారుచేస్తాయి, ఎంత సున్నాన్ని, ఎన్ని రోజులకి అన్నదే రకానికీ రకానికీ అసలు తేడా.

గట్టిపడిన సిమెంట్ ముక్కని నునుపుగా పాలిష్ చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే ఇదంతా కళ్ళకి కనిపిస్తుంది. ఇంకా కరగని క్లింకర్ రేణువులు తెల్లగా మెరుస్తుంటాయి, వాటి చుట్టూ బూడిద రంగు అంచులా సీ-ఎస్-హెచ్, మధ్యమధ్యలో కొంచెం లేత రంగు మచ్చల్లా పోర్ట్‌లాండైట్, నల్లగా కనిపించేవన్నీ ఖాళీలు. పీపీసీ ముక్క అయితే చక్కగా గుండ్రంగా ఉన్న బూడిద రేణువులు కూడా కనిపిస్తాయి, కొన్ని లోపల బోలు. 28 రోజుల ముక్కలో ఈ గుండ్రటివి చాలా వరకు చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి, అంటే వాటి పని ఇంకా మొదలవ్వాల్సే ఉంది. పీపీసీని ఏడో రోజు క్యూబ్ (బలం చూడ్డానికి పోసి నలగ్గొట్టే ముక్క) చూసి తిట్టేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

ఆ నల్లటి ఖాళీలు ఎక్కడివంటే, మిగిలిపోయిన నీళ్ళవి. సిమెంట్ తన బరువులో 23 శాతం నీళ్ళని రసాయనికంగా కట్టేసుకుంటుంది, జిగురు సందుల్లో పట్టేదాంతో కలిపి 42 శాతం దగ్గర లెక్క సరిపోతుంది. 50 కిలోల బస్తాకి 25 లీటర్లు పోస్తే 50 శాతం. మేస్త్రీ పని జారుగా ఉండాలని ఇంకో బకెట్ వంచితే ఆ నీళ్ళన్నీ ఎండిపోయి గొలుసుకట్టు సందులు మిగులుతాయి, ఉప్పూ గాలీ అందులోంచే లోపలికొస్తాయి. ఏ రకం సిమెంటైనా ఆ ఒక్క బకెట్‌తో సమానమైపోతుంది. ఇసుక తడిగా ఉంటే అందులో నీళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తాయని మర్చిపోవద్దు.

## ఓపీసీ, 43 అయినా 53 అయినా

దాదాపు అంతా క్లింకరే. 43కీ 53కీ మూల సరుకులో పెద్ద మాయ లేదు, 53లో ఎలైట్ పాలు కొంచెం ఎక్కువ, నూరడం ఇంకా మెత్తగా, అందుకే ముందు రోజుల్లో వేగం. ఐఎస్ 269 (ఐఎస్ అంటే మన దేశపు ప్రమాణాల కోడ్) ప్రకారం 53 గ్రేడ్ 3 రోజులకి కనీసం 27, 7 రోజులకి 37, 28 రోజులకి 53 ఎంపీఏ (మెగాపాస్కల్, బలం కొలత) రావాలి, 43కి అవే 23, 33, 43.

ఆ 53 అనేది మీ స్లాబ్ బలం కాదు. ల్యాబ్‌లో స్టాండర్డ్ ఇసుకతో, కొలిచిన నీళ్ళతో చేసిన చిన్న మోర్టార్ క్యూబ్ బలం. మీ స్లాబ్ ఎం20 అవుతుందా ఎం25 అవుతుందా (ఇవి కాంక్రీట్ బలం గ్రేడ్లు) అన్నది పాళ్ళు, నీళ్ళు, వైబ్రేటర్, క్యూరింగ్ తేలుస్తాయి.

వేగంతో పాటు వేడి కూడా వస్తుంది. ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం మందపాటి ఫుటింగ్‌కి 53 పోస్తే లోపల వేడెక్కి, బయట చల్లారి పగుళ్ళొచ్చే ప్రమాదం ఉంది. ప్లాస్టరింగ్‌కి అయితే 53 నాకు అస్సలు నచ్చదు, జుట్టులాంటి పగుళ్ళన్నీ గోడమీదే కనిపిస్తాయి, తర్వాత పెయింటర్‌ని తిట్టుకుంటాం.

అలాగని ఓపీసీ చెడ్డదేం కాదు. ప్రీకాస్ట్ యార్డులకి, పోస్ట్ టెన్షన్ పనులకి, తొందరగా లోడ్ పడాల్సిన చోట ఇదే కావాలి. ఇంకో విషయం, ఆర్ఎంసీ (లారీలో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీట్) ప్లాంట్ వాళ్ళు కొనేది ఎక్కువగా ఓపీసీ 53నే, కానీ అందులో ఫ్లై యాష్ గానీ మెత్తగా నూరిన స్లాగ్ గానీ వాళ్ళే కలుపుతారు. "నేను ఆర్ఎంసీ తెప్పించా, అంతా ఓపీసీనే" అనుకునేవాళ్ళు ఒకసారి మిక్స్ డిజైన్ కాగితం అడిగి చూడండి. కలిపితే తప్పేం లేదు, కాకపోతే క్యూరింగ్ పీపీసీ లెక్కన చెయ్యాలి.

## పీపీసీ

ఐఎస్ 1489 ప్రకారం ఇందులో ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం ఉండొచ్చు, ఎంత శాతం ఉందో బస్తా మీదే రాయాలి. ఎవరూ చదవరు గానీ అది అక్కడే ఉంటుంది. కాబట్టి "బూడిద కలిపి మోసం" అనేదానికి అర్థం లేదు, చెప్పి మరీ కలుపుతున్నారు. ఇది పొయ్యి బూడిద కూడా కాదు. థర్మల్ స్టేషన్‌లో మెత్తటి బొగ్గు పొడి మండినప్పుడు అందులోని మట్టి కరిగి, పొగతో పాటు ఎగిరి, చటుక్కున చల్లారి గాజు గుండ్లు అయినదే ఫ్లై యాష్. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి, మనకి దీనికి కొదవ లేదు. రేణువులు గుండ్రంగా ఉండడంవల్ల మాలు జారుగా ఉంటుంది, నీళ్ళు తక్కువ అడుగుతుంది, మేస్త్రీ ఒప్పుకోడు గానీ ఫినిషింగ్ కూడా దీనితోనే నునుపు.

కోడ్ ప్రకారం కనీస బలం 3 రోజులకి 16, 7 రోజులకి 22, 28 రోజులకి 33 ఎంపీఏ. ఇక్కడే జనం "33 గ్రేడ్, వీక్" అని తేల్చేస్తారు. అది కనీసం మాత్రమే, పేరున్న పీపీసీలు దానికి బాగా పైనే వస్తాయి, పైగా 28 రోజుల తర్వాత కూడా పెరుగుతూ పోతాయి. గాజు మెల్లగా కరిగి, సున్నంతో కలిసి, మిగిలిన నల్ల ఖాళీల్లో కొత్త జిగురు నింపుతుంది. పెద్ద సందులు చిన్నవవుతాయి, ఒకదానికొకటి తెగిపోతాయి. మూడు నెలల తర్వాత నీళ్ళు పీల్చే గుణం చూస్తే మంచి పీపీసీ కాంక్రీట్ ఓపీసీ కంటే ముందుంటుంది.

ఆ "మంచి" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. ఈ పని జరగాలంటే లోపల తడి ఉండాలి. నాలుగో రోజుకే ఎండబెట్టేస్తే ఫ్లై యాష్ వట్టి మెత్తటి ఇసుకలా పడుంటుంది, మీరు 30 శాతం తక్కువ సిమెంట్ వేసినట్టే. కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజుల క్యూరింగ్ చెప్తే, ఇలాంటి కలిపిన సిమెంట్లకి, వేడి పొడి వాతావరణానికి 10 రోజులు చెప్తుంది, 14 దాకా పెంచితే మంచిదంటుంది. నేనైతే 14 కిందకి రానివ్వను. రెంటచింతల ఎండలాంటిది ఉంటే ఒకరకంగా పీపీసీకి లాభమే, వేడికి ఫ్లై యాష్ రసాయనం వేగంగా నడుస్తుంది, కానీ అదే ఎండ గంటలో తడి లాగేస్తుంది, కాబట్టి గోనెసంచులు తీసేస్తే లాభం పోయి నష్టం మిగులుతుంది. పిల్లర్లకి గోనె చుట్టడం, స్లాబ్‌కి మడి కట్టడం రెండూ చేస్తేనే.

ఇంకో ట్రేడాఫ్ కూడా నిజాయితీగా చెప్పాలి. సున్నం వాడేసుకుంటోంది కాబట్టి పీపీసీలో కాపలా సున్నం తక్కువ మిగులుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీట్‌లోకి పాకి ఆ సున్నాన్ని మళ్ళీ సున్నపురాయిగా మార్చేస్తుంది, పీహెచ్ 9 దగ్గరికి పడిపోతుంది, అది రాడ్ దాకా చేరితే తుప్పు మొదలు. పాత బిల్డింగ్‌లో ఒక ముక్క కొట్టి విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ స్ప్రే చేసి చూడండి. లోపలి భాగం గులాబీ రంగు తిరుగుతుంది, బయటి వైపు కొంత మందం రంగే ఎక్కదు, ఆ రంగెక్కని పట్టీ ఎంత లోతుందో అంత కాపలా పోయినట్టు. సరిగ్గా క్యూరింగ్ చెయ్యని పీపీసీలో ఆ పట్టీ వేగంగా లోపలికి పోతుంది. దీనికి మందు కవర్ బ్లాకులు (రాడ్ కింద ఎడం ఉంచే చిన్న బిళ్ళలు), తడి, తక్కువ నీళ్ళు. స్లాబ్ కింద రాడ్ సెంట్రింగ్ షీట్‌కి ఆనుకుని ఉంటే ఏ సిమెంట్ కాపాడదు.

## స్లాగ్ సిమెంట్, అంటే పీఎస్‌సీ

స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము పైన తేలే కరిగిన మడ్డిని నీళ్ళతో చటుక్కున చల్లారిస్తే గాజు ఇసుకలా వస్తుంది, దాన్ని నూరి కలుపుతారు. ఐఎస్ 455 ప్రకారం 25 నుంచి 70 శాతం. ఫ్లై యాష్‌కీ దీనికీ తేడా ఏంటంటే స్లాగ్‌లో కాల్షియం దానికే ఉంది, కొంచెం క్షారం తగిలితే చాలు తనంతట తానే గట్టిపడుతుంది, బయటి సున్నం మీద పూర్తిగా ఆధారపడదు. అందుకే అంత ఎక్కువ శాతం కలపగలుగుతున్నారు. కోడ్ కనీస బలాలు పీపీసీవే: 16, 22, 33.

దీని అసలు గొప్పతనం ఉప్పు దగ్గర. సందులు సన్నగా అవడం ఒకటి, స్లాగ్‌లోని అల్యూమినా వల్ల వచ్చే పదార్థాలు క్లోరైడ్‌ని పట్టి కట్టేయడం రెండోది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల తీరంలో కట్టేవాళ్ళు, భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మధ్య కట్టేవాళ్ళు పునాదికి దీన్ని కాదని 53 ఎందుకు వాడతారో నాకు అర్థం కాదు. విశాఖ పక్కనే స్టీల్ ప్లాంట్ ఉంది, రాయలసీమ వైపు నంద్యాల దగ్గర కూడా స్లాగ్ సిమెంట్ తయారవుతుంది, దొరకదు అనే సమస్యే లేదు.

సెంట్రింగ్ విప్పగానే కాంక్రీట్ ముదురు నీలం-ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తే కంగారుపడకండి, స్లాగ్‌లోని సల్ఫైడ్ వల్ల వచ్చే రంగది, గాలి తగిలితే పోతుంది. చలికాలంలో ముందు రోజులు బాగా నిదానం, అది మాత్రం ఒప్పుకోవాలి. రాఫ్ట్, మందపాటి ఫుటింగ్‌లకి ఆ నిదానమే మంచిది, వేడి తక్కువ.

సల్ఫేట్ నేలలకి సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంట్ అని వేరే ఉంటుంది, అందులో అల్యూమినేట్ 5 శాతం లోపు. కానీ క్లోరైడ్‌ని పట్టి ఉంచేది కూడా ఆ అల్యూమినేటే, కాబట్టి సముద్రతీరంలో సల్ఫేట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఉంటే ఇది రాడ్‌ని సరిగ్గా కాపాడలేదు, అక్కడ స్లాగే మేలు. మట్టి టెస్ట్ చేయించకుండా ఈ రెండిట్లో ఏదో ఒకటి అనేయడం తప్పు.

ఫ్లై యాష్, స్లాగ్ రెండూ కలిపిన కాంపోజిట్ సిమెంట్ కూడా ఉంది, ఐఎస్ 16415, క్లింకర్ 35 నుంచి 65 శాతం. మంచి బ్రాండ్ అయితే పీపీసీ వాడే చోటల్లా వాడుకోవచ్చు, క్యూరింగ్ ఇంకొంచెం జాగ్రత్తగా. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

## ఎల్‌సీ3

లైమ్‌స్టోన్ కాల్సైన్డ్ క్లే సిమెంట్, ఇది నాకు బాగా ఆసక్తి ఉన్నది. పాళ్ళు తేలిక: క్లింకర్ 50, కాల్చిన బంకమట్టి 30, కాల్చని సున్నపురాయి పొడి 15, జిప్సం 5. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్‌లో కారెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలో ఫెర్నాండో మార్టిరెనా బృందం, మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ వాళ్ళు కలిసి చేసిన పని. మన దేశంలో దీనికి 2023లో ఐఎస్ 18189 అని కోడ్ వచ్చింది, అంటే ఇది ఇప్పుడు ల్యాబ్ సరుకు కాదు, చట్టబద్ధంగా అమ్మదగ్గ సిమెంట్.

బంకమట్టిలో కయోలినైట్ అనే ఖనిజం ఉంటుంది. దాన్ని 700-850 డిగ్రీల్లో కాలిస్తే లోపలి నీరు పోయి, స్ఫటికం చెదిరి మెటాకయోలిన్ అవుతుంది, అది సున్నాన్ని చాలా ఆత్రంగా పట్టుకుంటుంది. కాల్చేటప్పుడు మట్టిలోంచి పోయేది ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కాదు, ఇదీ లాభం. కాల్చని సున్నపురాయి ఎందుకంటే, మెటాకయోలిన్‌లోని అల్యూమినాతో ఈ కార్బొనేట్ కలిసి కార్బో-అల్యూమినేట్లు అనే పదార్థాలు తయారై సందులు నింపుతాయి. అంటే సగం క్లింకర్ తీసేసినా లోపల నిర్మాణం చిక్కగానే ఉంటుంది. 40 శాతం కయోలినైట్ ఉన్న మట్టి చాలు, పింగాణీకి పనికొచ్చే తెల్ల మట్టి అక్కర్లేదు. 7 రోజులకే ఓపీసీ బలాన్ని అందుకుంటుంది, పీపీసీకి ఇది సాధ్యం కాదు. క్లోరైడ్ దగ్గర అయితే ఓపీసీని చాలా వెనక్కి నెట్టేస్తుంది. కార్బన్ 30-40 శాతం దాకా తగ్గుతుంది.

మన పాతకాలం మేస్త్రీలు డంగు సున్నంలో ఇటుక పొడి, సుర్కీ, కలిపేవాళ్ళు, రసాయనం చూస్తే దానికీ దీనికీ దగ్గరి చుట్టరికమే, కాల్చిన మట్టి సున్నాన్ని పట్టుకోవడం. కాకపోతే అప్పుడు ఇటుక ఎంత వేడికి కాలిందో ఎవరూ కొలవలేదు, ఎక్కువ కాలితే మట్టి మళ్ళీ మొద్దుబారిపోతుంది.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. మెటాకయోలిన్ రేణువులు పలకల్లా ఉండి నీళ్ళు ఎక్కువ అడుగుతాయి, అడ్మిక్స్చర్ (నీళ్ళు పెంచకుండా మాలు జారుగా చేసే రసాయనం) లేకుండా చేత్తో కలిపే సైట్‌లో మేస్త్రీ కచ్చితంగా ఎక్స్‌ట్రా బకెట్ పోస్తాడు. మొదటి రెండు మూడు రోజులు కాస్త నిదానం. మిగిలే సున్నం తక్కువ కాబట్టి కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని తినేయడం) విషయంలో పీపీసీకి చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ. మట్టిలో ఇనుముంటే ఎర్ర ఛాయ రావొచ్చు. ఇక మన ఊళ్ళ డీలర్ దగ్గర ఇది పీపీసీలా ఎప్పుడడిగితే అప్పుడు దొరికే సరుకు కాదు.

అయినా దీన్నే భవిష్యత్తు అనడానికి కారణం ఉంది. స్లాగ్ స్టీల్ ఎంత తీస్తే అంతే వస్తుంది, ఫ్లై యాష్ బొగ్గు కరెంట్ ఉన్నంతకాలమే. మీరు స్లాగ్ కొంటే మీ ఇంటి కార్బన్ తగ్గుతుంది గానీ, ఆ స్లాగ్ ఎలాగూ ఎవరో ఒకరు వాడేసేదే. బంకమట్టికి ఆ సమస్య లేదు.

## జియోపాలిమర్, మిగతా కొత్తవి

క్లింకర్ అసలే లేకుండా ఫ్లై యాష్, స్లాగ్‌లని సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సిలికేట్‌తో గట్టిపరచడం జియోపాలిమర్. ఆస్ట్రేలియాలో టూవూంబా దగ్గర వెల్‌క్యాంప్ ఎయిర్‌పోర్ట్‌లో విమానాలు తిరిగే, ఆగే చోట్లు 2014లో ఇలాంటి కాంక్రీట్‌తోనే వేశారు, కాబట్టి పనిచేస్తుందా అన్న సందేహం లేదు. మన దగ్గర ప్రీకాస్ట్ సరుకుకి ఐఎస్ 17452 ఉంది. పేవర్ బ్లాకులు, కర్బ్ రాళ్ళు ఈ రకానివి దొరికితే కొనండి. ఇంటి స్లాబ్‌కి మాత్రం వద్దు. కాస్టిక్ సోడా చేతి మీద పడితే కాలుతుంది, చెప్పుల్లేకుండా మాలు తొక్కే మన సైట్లలో ఇది ఆటలు కాదు. పైగా బూడిద లాట్ మారితే పాళ్ళు మార్చాలి, అది ల్యాబ్ ఉన్నవాళ్ళ పని.

కాల్షియం సల్ఫో అల్యూమినేట్ సిమెంట్ తక్కువ వేడికి, 1250 డిగ్రీల దగ్గర కాలుతుంది, గంటల్లో బలం వస్తుంది. రిపేర్లకి బాగుంటుంది, ఇంటికి ఖరీదు.

## ఒక చోట పెట్టి చూస్తే

| | క్లింకర్ సుమారు | ముందు బలం | క్యూరింగ్ తప్పితే | ఉప్పు నేల | దొరకడం |
|---|---|---|---|---|---|
| ఓపీసీ 53 | 90-95 శాతం | వేగం | కాస్త ఓర్చుకుంటుంది | బలహీనం | అన్నిచోట్లా |
| పీపీసీ | 60-80 | నిదానం | బాగా దెబ్బ | బాగుంటుంది | అన్నిచోట్లా |
| పీఎస్‌సీ | 25-70 | నిదానం | బాగా దెబ్బ | చాలా బాగుంటుంది | ఏరియాని బట్టి |
| ఎల్‌సీ3 | 50 | మధ్యస్థం | దెబ్బే | చాలా బాగుంటుంది | అరుదు |
| జియోపాలిమర్ | లేదు | పాళ్ళని బట్టి | పద్ధతే వేరు | బాగుంటుంది | ప్రీకాస్ట్‌లోనే |

కార్బన్ లెక్క కావాలన్నవాళ్ళకి: ఇంటికి 500 బస్తాలు అనుకుందాం, అంటే 25 టన్నులు. ఓపీసీ అయితే అందులో క్లింకర్ 22.5 టన్నుల పైనే, కార్బన్ డయాక్సైడ్ సుమారు 19 టన్నులు. 65 శాతం క్లింకర్ ఉన్న పీపీసీ అయితే 14 టన్నుల లోపే. రూపాయి ఎక్కువ పెట్టకుండా 5 టన్నులు తగ్గింది. గ్రీన్ సిమెంట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళు, అది డీలర్ దగ్గర ఎప్పట్నుంచో ఉందని గమనించాలి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

లోపలి ప్రాంతంలో, సొంతంగా దగ్గరుండి కట్టించుకుంటున్నారు. పునాది నుంచి ప్లాస్టరింగ్ దాకా పీపీసీ. వేరే ఆలోచన వద్దు.

తీరంలో, చౌడులో, చెరువుల మధ్య. నేల కింద అంతా పీఎస్‌సీ, పైన పీఎస్‌సీ లేదా పీపీసీ. కానీ సిమెంట్ మార్చి ఊరుకుంటే చాలదు, తీరం గాలి తగిలే చోట ఐఎస్ 456 ఎం30, నీళ్ళు సిమెంట్ బరువులో 45 శాతం లోపు అడుగుతుంది. ఇక బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితోనే మాలు కలిపి, వాటితోనే క్యూరింగ్ చేస్తే స్లాగ్ పెట్టి లాభం ఏంటి? ట్యాంకర్ తెప్పించండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఫోన్ మీద కట్టిస్తున్నారు. ఇది కష్టమైన కేసు. క్యూరింగ్ మీద నమ్మకం లేకపోతే స్లాబ్, బీములకి ఓపీసీ 43 పెట్టించి, గోడలకి ప్లాస్టరింగ్‌కి పీపీసీ వాడమంటాను. కార్బన్ పరంగా ఇది ఓటమే, కానీ ఎండిపోయిన పీపీసీ స్లాబ్ 20 ఏళ్ళకి బాగుచేయించడం ఇంకా పెద్ద ఓటమి. క్యూరింగ్‌కి విడిగా మనిషిని పెట్టి, రోజూ మడిలో నీళ్ళ వీడియో పంపించే ఏర్పాటుంటే మళ్ళీ పీపీసీకే నా ఓటు.

కాంట్రాక్టర్, సెంట్రింగ్ తిరగాలి. ఐఎస్ 456 ఓపీసీ లెక్కన 4.5 మీటర్ల లోపు స్లాబ్ ప్రాప్‌లు 7 రోజులు, అంతకుమించితే 14, బీములకి 6 మీటర్ల లోపు 14, పైన 21 అంటుంది. పీపీసీ, పీఎస్‌సీకి దీన్ని పెంచుకోవాలి. ఎంత అనేది క్యూబులు తీసి నలగ్గొట్టి చూసుకుంటే అందాజా పని ఉండదు, క్యూబ్ టెస్ట్ ఖర్చు ఒక రోజు సెంట్రింగ్ అద్దె కంటే ఎక్కువేం కాదు చాలాచోట్ల.

కార్బన్ గురించి నిజంగా పట్టింపు ఉంది. ఎల్‌సీ3 దొరికితే, ఆర్ఎంసీ ద్వారా అయితే, తీసుకోండి, అక్కడ అడ్మిక్స్చర్ వాళ్ళే చూసుకుంటారు. లేకపోతే పీఎస్‌సీ. అన్నిటికంటే ముందు అక్కర్లేని కాంక్రీట్ తగ్గించండి, మందం ఎక్కువైతే గట్టి అనుకుని 5 అంగుళాలు సరిపోయే చోట 6 పోసేవాళ్ళు ఏ సిమెంట్ వాడినా లెక్క పోయినట్టే.

## బస్తా దిగేటప్పుడు

తయారైన వారం, సంవత్సరం బస్తా మీద ఉంటుంది, మూడు నెలలు దాటితే వెనక్కి పంపండి, వానాకాలంలో ఇంకా ముందే. చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా ఉండాలి, గడ్డలుంటే వేళ్ళతో నలిపి చూడండి, నలగకపోతే వద్దు. నేలమీద కాకుండా చెక్కల మీద పేర్చి, గోడకి ఎడంగా పెట్టించండి.

ఒకే పోతలో రెండు రకాలు కలపనివ్వకండి. పునాదికి స్లాగ్, స్లాబ్‌కి పీపీసీ పర్లేదు, ఒకే స్లాబ్‌లో సగం ఇది సగం అది వద్దు, సెట్టింగ్ టైమ్ వేరు. ఇంకో దురలవాటు, పీపీసీకి సైట్‌లో మళ్ళీ విడిగా ఫ్లై యాష్ కలపడం. ఫ్యాక్టరీలోనే 35 దాకా ఉండొచ్చు, దాని మీద ఇంకా వేస్తే పట్టుకోవడానికి సున్నం చాలదు. ఎవరైనా చవగ్గా వస్తుందని సలహా ఇస్తే బస్తా మీద ఆ శాతం చూపించి అడగండి, ఇంకెంత వేస్తావని.